ఊరు అడిగి రాయాల్సిన బిల్లు

జగ్గయ్యపేట నుంచి కోదాడకు సరుకు పంపడం పెద్ద పనేమీ కాదు. పొద్దున ఆటోలో వేస్తే దుకాణాలు తెరిచే వేళకు దిగుతుంది. అదే శ్రీకాకుళం పంపాలంటే లారీ ఒక రాత్రంతా నడవాలి. కానీ జీఎస్టీ లెక్కలో శ్రీకాకుళం సొంత ఊరు, కోదాడ పరాయి ఊరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయి జగ్గయ్యపేట ఆంధ్రప్రదేశ్‌లో, కోదాడ తెలంగాణలో ఉండిపోయినప్పుడు ఆ రెండింటి మధ్య గరికపాడు దగ్గర గీత పడింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చెక్‌పోస్టుల ముందు లారీలు బారులు తీరే రోజులు పోయాయి. గీత మాత్రం పోలేదు, బిల్లు పుస్తకంలోకి వచ్చి కూర్చుంది.

జగ్గయ్యపేటలో ఒకావిడ పచ్చళ్ల వ్యాపారం పెట్టారనుకుందాం. జీఎస్టీలో రిజిస్టర్ అయ్యాక, శ్రీకాకుళంలోని దుకాణానికి పంపే సీసాల మీద ఆమె రెండు పన్నులు వేయాలి. సగం కేంద్రానిది, అంటే సీజీఎస్టీ. సగం రాష్ట్రానిది, అంటే ఎస్‌జీఎస్టీ. కోదాడకు పంపితే ఆ రెండింటి స్థానంలో ఒక్కటే పన్ను, ఐజీఎస్టీ. కొనేవాళ్ల జేబులోంచి పోయేది రెండుచోట్లా ఒకటే కాబట్టి చాలామంది ఈ తేడాను పట్టించుకోరు. “ఎలా వేసినా ప్రభుత్వానికే కదా” అనుకుంటారు. కానీ జీఎస్టీ సరుకు వాడుకునే చోటికి చెందాల్సిన పన్ను. కోదాడలో తినే పచ్చడి మీద రాష్ట్ర వాటా తెలంగాణకు చేరాలి, ఐజీఎస్టీ ఉన్నది అందుకే. తప్పు పేరు కింద కట్టినవాళ్లు సరైన పేరు కింద మళ్లీ కట్టి, మొదట కట్టినదాన్ని వాపసు అడగాలి. ఈ పొరపాటుకు చట్టం వడ్డీ వేయదు. అయినా వాపసు వచ్చేదాకా ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు కట్టి కూర్చోవాల్సిందే.

అందుకే “ఎంత?” అన్న ప్రశ్నకంటే ముందు “ఎవరికి, ఏ ఊరికి?” అని అడగడం అలవాటు కావాలి. బిల్లు వేయడంలో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ రెండు ప్రశ్నలు ఆలస్యంగా అడిగినందువల్ల వచ్చేవే.

అసలు పన్ను వేయాల్సిన స్థితికి వ్యాపారం చేరిందా లేదా అన్నది మొదట తేలాలి. ఇక్కడా గీతకు అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2019లో దేశంలో చాలా రాష్ట్రాలు పరిమితిని 40 లక్షలకు పెంచినప్పుడు తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. సేవలు అందించేవాళ్లకు, అంటే ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు, మరమ్మతులు చేసేవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే. ఈ టర్నోవర్‌ను దుకాణానికో లెక్కగా చూడరు. ఒకే పాన్ మీద దేశంలో ఎక్కడ ఏం అమ్మినా అంతా కలిపే చూస్తారు. పన్ను లేని సరుకుల అమ్మకాలు కూడా అందులో కలుస్తాయి. పూర్తిగా పన్ను లేని సరుకులే అమ్మేవాళ్లకు మాత్రం టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో 2025 జులైలో కర్ణాటక చూపించింది. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాలు తీసి వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి, నాలుగేళ్లలో జరిగిన కోటీ 63 లక్షల లావాదేవీల మీద 29 లక్షలు కట్టమని నోటీసు వెళ్లిందన్న వార్త దేశమంతా తిరిగింది. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. బెంగళూరులో టీ కొట్లు, బేకరీల ముందు “యూపీఐ లేదు, నగదు మాత్రమే” అన్న కాగితాలు వేలాడాయి. వ్యాపారులు బంద్‌కు పిలుపునిచ్చాక, పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని, ఇకమీదట మాత్రం రిజిస్టర్ చేసుకుని కట్టాలని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ గొడవలో బయటపడిన అసలు సంగతి ఒకటుంది. చాలామంది దగ్గర చూపించడానికి కొనుగోలు బిల్లులు గానీ, రోజువారీ అమ్మకాల పద్దు గానీ లేవు. చేబదులుగా వచ్చింది, తమ్ముడు పంపింది, దుకాణం అమ్మకం, అన్నీ ఒకే క్యూఆర్‌లో పడ్డాయి. వచ్చిన డబ్బంతా అమ్మకం కాదని నిరూపించే భారం వ్యాపారి మీదే పడింది. రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న వ్యాపారం అయినా సరే, దుకాణానికి వేరే ఖాతా, వేరే క్యూఆర్ మొదటి రోజునుంచే ఉండాలి.

మళ్లీ పచ్చళ్ల దగ్గరికి వద్దాం. ఇళ్లలో మొదలైన వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఆమె ఏడాది అమ్మకం ఆరు లక్షలే. 40 లక్షల పరిమితికి చాలా దూరంలో ఉన్నానని ధీమాగా ఉన్నారు. ఒకరోజు వాట్సాప్‌లో హైదరాబాద్ నుంచి ఆర్డర్ వచ్చింది, రెండు కిలోల గోంగూర. కొరియర్‌లో పంపేశారు. తర్వాత బెంగళూరు, ఆ తర్వాత చెన్నై. ఆ మొదటి రెండు కిలోలతోనే ఆమెకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే పరిమితులేవీ వర్తించవు, మొదటి రూపాయి నుంచే రిజిస్టర్ కావాలి. ప్రభుత్వం నోటిఫై చేసిన చేతివృత్తుల వస్తువులకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. అవి అమ్మేవాళ్లు పాన్ తీసుకుని, సరుకు విలువ ఎంత తక్కువైనా రవాణా పత్రమైన ఈ-వే బిల్లు తీసి పంపితే, తమ పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ లేకుండా బయటి రాష్ట్రాలకు అమ్ముకోవచ్చు. పచ్చడికి ఆ వెసులుబాటు లేదు. సేవలకు మాత్రం ఈ సరిహద్దు బాధ లేదు. ఖమ్మంలో ఉండి విజయవాడ వాళ్లకు ఆల్బమ్ డిజైన్ చేసిపెట్టేవాళ్లకు 20 లక్షలదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కౌంటర్ మీద అమ్మకం సంగతి వేరు. కోదాడ మనిషే జగ్గయ్యపేట వచ్చి, సీసా కొని సంచిలో వేసుకుని వెళ్తే ఏ పన్ను? 2023 అక్టోబరు 1 నుంచి నిబంధన స్పష్టంగా ఉంది. కొనేవారికి జీఎస్టీ నంబరు లేనప్పుడు, బిల్లు మీద వాళ్ల చిరునామా రాస్తే ఆ చిరునామా ఉన్న రాష్ట్రానికి అమ్మినట్టు. రాయకపోతే దుకాణం ఉన్న రాష్ట్రంలోనే అమ్మినట్టు. బిల్లు 50 వేలు, ఆపైన ఉంటే రిజిస్టర్ కాని కొనుగోలుదారు పేరు, చిరునామా రాయడం తప్పనిసరి. కంప్యూటర్‌లో అలవాటుగా నింపే చిరునామా గడి పన్నునే మార్చేస్తుందని కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడికి ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వానికి ఫీజు ఏమీ కట్టక్కర్లేదు. పోర్టల్‌లో దరఖాస్తు ఉచితం. వచ్చే 15 అక్షరాల నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది వ్యాపారి పాన్. ఈ చిన్న సంగతి తెలిస్తే ఎదుటివాళ్లు ఇచ్చిన నంబరును చూడగానే వాళ్లు ఏ రాష్ట్రంలో నమోదయ్యారో తెలుస్తుంది.

రిజిస్టర్ కానివాళ్లు బిల్లు ఇవ్వొచ్చు, దాని మీద పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వేయకూడదు. ఒకవేళ వసూలు చేశారా, ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టాల్సిందే. కాంపోజిషన్ పథకంలో చేరినవాళ్లదీ దాదాపు ఇదే స్థితి. కోటిన్నరలోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులు, తయారీదారులు ఒక శాతం, రెస్టారెంట్లు 5 శాతం తమ జేబులోంచి కడతారు. కొనేవాళ్ల దగ్గర పన్ను అడగకూడదు. బిల్లు పైన ‘కాంపోజిషన్ కింద పన్ను చెల్లించేవారు, అమ్మకాల మీద పన్ను వసూలుకు అర్హత లేదు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉండాలి. కోదాడకు సరుకు పంపాలనుకునే పచ్చళ్లావిడకు ఈ పథకం పనికిరాదు, బయటి రాష్ట్రాలకు అమ్మేవాళ్లకు ఇందులో చోటు లేదు. ఊళ్లోవాళ్లకే, అదీ ఇళ్లకే అమ్మే కిరాణా కొట్టుకు మాత్రం ఇంతకంటే హాయైన దారి లేదు. దుకాణాలకు, కంపెనీలకు అమ్మేవాళ్లు దీనిలో చేరేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. కారణం బిల్లుకు అవతలివైపు ఉంది.

అవతలివైపు అంటే కొనేవాళ్లు. వాళ్లు రిజిస్టర్ అయిన వ్యాపారులైతే, పచ్చళ్లావిడ వేసిన పన్నును వాళ్లు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటారు. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే అదే. పన్ను వేయని కాంపోజిషన్ బిల్లు మీద అది దొరకదు. ఆమె రాసిన కాగితం వాళ్ల ఖాతాలో డబ్బుతో సమానం. అందుకే వాళ్లు బిల్లు కోసం అంత పట్టుబడతారు. నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా, ఆమె అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు ఎక్కించడం మరిచినా, పోర్టల్‌లో వాళ్లకు కనిపించే జీఎస్టీఆర్-2బీ పట్టికలో ఆ పన్ను కనిపించదు. కనిపించకపోతే క్రెడిట్ లేదు. పెద్ద కొనుగోలుదారుల అకౌంట్స్ విభాగాలు పేమెంట్ ఆపేది చాలాసార్లు ఇందుకే. సరుకు బాగాలేదని ఆపారేమోనని వ్యాపారి మథనపడుతూ ఉంటాడు. అక్కడ జరిగింది మాత్రం ఒక అంకె తారుమారు కావడం. “జీఎస్టీ నంబరు ఉందాండీ? బిల్లు ఏ పేరు మీద కావాలి?” అని ఆర్డర్ తీసుకునేటప్పుడే అడిగి, ఇచ్చిన నంబరును పోర్టల్‌లో చూసుకుంటే ఈ తిప్పలేవీ ఉండవు. లాగిన్ అక్కర్లేకుండానే పేరు, రాష్ట్రం, నంబరు చెల్లుతోందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. నిమిషం పని.

బిల్లులో ఉండాల్సినవన్నీ ఏ సాఫ్ట్‌వేర్ అయినా అడుగుతుంది కాబట్టి వరసపెట్టి చెప్పనక్కర్లేదు. తరచూ తప్పు జరిగేచోట్లు రెండు మూడు ఉన్నాయి. బిల్లు నంబరు వరసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడింది మళ్లీ రాకూడదు. ఇంటి దగ్గర ఒక పుస్తకం, దుకాణంలో ఒక పుస్తకం పెట్టుకుని రెండింటిలోనూ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. రెండు పుస్తకాలు ఉండొచ్చు, రెండింటికీ వేర్వేరు ముందక్షరాలు ఉండాలి. పాడైన బిల్లును చింపి పారేయకుండా ‘రద్దు’ అని రాసి అలాగే ఉంచాలి. సరుకును గుర్తించే హెచ్ఎస్ఎన్ కోడ్, 5 కోట్లలోపు టర్నోవర్ ఉన్నవాళ్లు వ్యాపారులకు ఇచ్చే బిల్లుల మీద నాలుగు అంకెలు రాస్తే చాలు. పన్ను శాతాన్ని తేల్చుకోవడానికి ఆ కోడే ఆధారం. అందుకే పక్క దుకాణం వాళ్లను అడిగి రాసుకోవడం మంచిది కాదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు పెద్ద ఎత్తున మారాయి. అప్పటిదాకా 12 శాతం ఉన్న పచ్చళ్లు 5 శాతానికి వచ్చాయి. మిక్స్చర్, కారప్పూసలాంటి ప్యాకెట్ తినుబండారాలూ అంతే. ఆ రోజు తర్వాత కూడా పాత రేటే వేసినవాళ్లు ఎక్కువ వసూలు చేసింది తమ దగ్గర ఉంచుకోలేరు. వసూలైన పన్ను ఎంతో అంతా కట్టాలి.

బిల్లు రాసేలోపే బేరం దగ్గర ఒక పొరపాటు జరిగిపోతుంటుంది. చాలా చిన్న వ్యాపారాల లాభం ఆ పొరపాటులోనే కరిగిపోతోంది.

ఇంటీరియర్ పని చేసే కుర్రాడు లక్షకు మాట్లాడుకుని వచ్చాడు. పని అయ్యాక 18 శాతం కలిపి లక్షా 18 వేలకు బిల్లు పంపాడు. “లక్ష అన్నావు కదయ్యా” అన్నాడు ఇంటాయన. ఆయన మాటలో తప్పు లేదు, ఆయన చెవిన పడింది లక్షే. గొడవ పడలేక కుర్రాడు లక్షే తీసుకున్నాడు. ఆ లక్షలో పన్ను 15,254 రూపాయలు. అతనికి మిగిలింది 84,746. లాభం ఏ 15 శాతమో వేసుకుని ఉంటే, నెల పనికి మిగిలింది దాదాపు ఏమీ లేదు. “లక్ష, పైన జీఎస్టీ అదనం” అన్న ఒక్క మాట ముందు చెప్పడానికి మొహమాటపడ్డందుకు పదిహేను వేలు పోయాయి. మొహమాటం మన వ్యాపారాల్లో చాలా ఖరీదైన అలవాటు. ఇంటివాళ్లకు చెప్పేటప్పుడు అన్నీ కలిపిన ధర చెప్పాలి, వ్యాపారులకు చెప్పేటప్పుడు పన్ను విడిగా చెప్పాలి. రెండు సందర్భాల్లోనూ ఆ మాట కొటేషన్ కాగితం మీద, కనీసం వాట్సాప్ సందేశంలో ఉండాలి.

కలిపి చెప్పిన ధరలోంచి పన్ను విడదీసేటప్పుడూ చేయి జారుతుంది. 420 రూపాయల పచ్చడి సీసాలో 5 శాతం పన్ను 21 రూపాయలు కాదు. 420ని 105తో భాగించి 5తో గుణిస్తే వచ్చే 20 రూపాయలు. తేడా సీసాకు రూపాయే. 18 శాతం సరుకులో అది బాగా పెరుగుతుంది. 11,800లో పన్ను 1,800 అయితే, తప్పు లెక్కలో 2,124 వస్తుంది. కొరియర్ ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు బిల్లులో వేస్తే అవీ సరుకు ధరలో భాగమే, సరుకుకు ఏ రేటో వాటికీ అదే.

ఇక డబ్బు సంగతి. బిల్లు వేసిన నెల పన్ను ఆ తర్వాతి నెల 20వ తేదీకి కట్టాలి, కొన్నవాళ్లు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా. మార్చిలో బిల్లు, జులైలో వసూలు అయితే ఏప్రిల్‌లో పన్ను సొంత డబ్బుతో కట్టాలి. 5 కోట్లలోపు వాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అందులో కూడా మొదటి రెండు నెలల పన్ను తర్వాతి నెల 25కల్లా కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. అందుకే అమ్మకం డబ్బు ఖాతాలో పడిన రోజే పన్ను వాటాను వేరే ఖాతాలోకి మార్చడం మంచిది. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు కూడా తీసుకోకపోతే ఇంకా మంచిది. ఆ డబ్బు కాసేపు మన చేతిలో ఉన్న ఇంకొకరి డబ్బు. పిల్లల ఫీజుల నెలలో అది సొంత డబ్బులా కనిపించడం సహజం. చాలామంది నిజాయతీపరులు అప్పుల్లో పడింది ఆ నెలల్లోనే.

వసూలు చేసుకోవడానికి చట్టం ఇచ్చిన పట్లు కొన్ని ఉన్నాయి, వాటిని వాడుకునేవాళ్లు తక్కువ. 180 రోజుల్లోగా డబ్బు ఇవ్వని కొనుగోలుదారు, ఆ బిల్లు మీద తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేక చిన్న సంస్థగా నమోదైన తయారీదారులకు, సేవలందించేవాళ్లకు ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు రావాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. పైగా 2023-24 నుంచి, గడువు దాటించిన కొనుగోలుదారులు ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోగలరు. మారుబేరం చేసేవాళ్లకు ఈ రక్షణ లేదు. పచ్చళ్లావిడకు ఉంది, ఆమె తయారీదారు. ఉద్యమ్ నంబరు బిల్లు మీద అచ్చువేయిస్తే, గట్టిగా అడగలేని మనిషి తరఫున ఆ కాగితమే అడుగుతుంది.

సీసాలు పగిలాయని, బరువు తగ్గిందని సరుకు వెనక్కి వస్తే పాత బిల్లును దిద్దకూడదు. క్రెడిట్ నోటు ఇవ్వాలి, ఏ బిల్లుకు సంబంధించిందో రాసి. మార్చిలో ముగిసిన ఏడాది బిల్లులకు ఆ నవంబరు 30లోగా ఈ సవరణ రిటర్నులో చూపించాలి.

ఇప్పుడు ఆమె బల్ల మీద రెండు పార్సిళ్లు ఉన్నాయి. రెండింటిలోనూ పన్నుతో కలిపి 420 చొప్పున నలభై సీసాల ఆవకాయ, పన్ను తీసేస్తే 16,000. మొదటిది శ్రీకాకుళం, కొనేవాళ్ల నంబరు 37తో మొదలైంది. లారీ కిరాయి 500 కలిపి 16,500. దాని మీద సీజీఎస్టీ 412 రూపాయల 50 పైసలు, ఎస్‌జీఎస్టీ అంతే, మొత్తం 17,325. రెండోది కోదాడ, నంబరు 36తో మొదలైంది. ఆటో కిరాయి 200 కలిపి 16,200, ఐజీఎస్టీ 810, మొత్తం 17,010. బిల్లు మీద ‘సరఫరా స్థలం: తెలంగాణ’ అని రాసి, ఒక ప్రతి ఆటో అతనికిచ్చి, ఆమె 810ని పన్ను ఖాతాలో వేయాల్సిన పద్దు కింద రాసుకున్నారు.